ఫ్లెక్సిబుల్ వర్కింగ్ చట్టబద్ధమైన హక్కు అయితే ఉద్యోగికి లాభమా, నష్టమా?

ప్రశ్న అడిగినవారు కాస్త పొడుగ్గా రాశారు కాబట్టి సారాంశం చెప్పి మొదలుపెడతాను. ఆయనకు బెల్లందూరులో టెస్టింగ్ ఉద్యోగం, ఇల్లు హోస్కోటె దగ్గర. భార్యకు ప్రసూతి సెలవు వచ్చే నెలతో అయిపోతుంది, ఆవిడా తన ఉద్యోగంలో చేరాలి. అందుకని ఈయనకు ఉదయం ఏడున్నర నుంచి నాలుగున్నర దాకా టైమింగ్, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని కావాలి. మాంచెస్టర్‌లో ఉన్న బావమరిది "ఇక్కడ అది హక్కు, ఇవ్వనంటే కేసు వేయొచ్చు" అన్నాడట. మన దేశంలో అలాంటిది ఉందా, వస్తే మంచిదా, అసలు అడిగితే మేనేజర్ దగ్గర చెడ్డపేరు వస్తుందా? ఇవీ ప్రశ్నలు.

నేను బెంగళూరులో ఐటీ, బ్యాక్ ఆఫీస్ కంపెనీల హెచ్ఆర్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇలాంటి రిక్వెస్టులు ఒప్పుకున్నవీ చూశాను, తిప్పి పంపినవీ చూశాను.

సూటిగా జవాబు: మన దగ్గర అందరికీ వర్తించే అలాంటి హక్కు లేదు. మీ బావమరిది చెప్పింది సగమే నిజం. బ్రిటన్‌లో ఉన్నది అడిగే హక్కు. అడిగితే ఇచ్చి తీరాలని అక్కడా లేదు. ఆ అడిగే హక్కయినా మనకు వస్తే మంచిదేనని నా అభిప్రాయం. ఇప్పుడు మేనేజర్ మూడ్ మీద నడుస్తున్న వ్యవహారం దానివల్ల కాగితం మీదకు వస్తుంది. నష్టాలు లేకపోలేదు. అవి చాలావరకు అడిగినవాళ్ల మీద కన్నా పక్కనున్నవాళ్ల మీద పడతాయి. ముఖ్యంగా కొత్తగా చేరిన కుర్రాళ్ల మీద. చెడ్డపేరు సంగతి మీరు ఎలా అడుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది, దాని గురించి చివర్లో రాస్తాను.

ముందు బ్రిటన్ సంగతి. అక్కడ 2003లో చిన్నపిల్లల తల్లిదండ్రులతో మొదలుపెట్టారు. 2007లో ఇంట్లో పెద్దవాళ్లను, జబ్బుమనుషులను చూసుకునేవాళ్లకు ఇచ్చారు. 2014లో ఉద్యోగులందరికీ ఇచ్చారు కానీ కనీసం 26 వారాలు పనిచేసి ఉండాలన్నారు. 2024 ఏప్రిల్ 6 నుంచి ఆ షరతు కూడా పోయింది, చేరిన రోజే అడగొచ్చు. ఏడాదిలో రెండుసార్లు అడగొచ్చు. కంపెనీ రెండు నెలల్లో తేల్చాలి, కాదనే ముందు మనిషిని పిలిచి మాట్లాడాలి. కాదనడానికి ఎనిమిది కారణాలు చట్టంలోనే రాసి ఉన్నాయి: ఖర్చు పెరగడం, కస్టమర్ల అవసరం తీర్చలేకపోవడం, ఉన్నవాళ్ల మధ్య పని సర్దలేకపోవడం, కొత్తవాళ్లను తీసుకోలేకపోవడం, నాణ్యత దెబ్బతినడం, పనితీరు దెబ్బతినడం, అడిగిన వేళల్లో పని లేకపోవడం, సంస్థలో మార్పులు రాబోతుండటం. ఇది చదవగానే మీకూ అనిపించి ఉంటుంది, తలుచుకుంటే ఏ కంపెనీకైనా వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది.

మీ బావమరిది అన్న కేసు విషయానికి వస్తే, అక్కడి ఆర్థిక సంస్థల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏలో ఒక సీనియర్ మేనేజర్ పూర్తిగా ఇంటి నుంచే పనిచేస్తానని అడిగారు. సంస్థ కాదంది. ఆవిడ ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఆవిడ పనితీరు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. అయినా కొత్తవాళ్లకు నేర్పడం, మీటింగుల్లో ఎదురుగా ఉండటం వంటి పనులు దూరం నుంచి అంత బాగా సాగవన్న సంస్థ వాదన నిలబడింది. ఆవిడకు దక్కింది 643 పౌండ్లు, అంటే చట్టం లెక్కలో ఒక వారం జీతం. అది కూడా సంస్థ గడువు దాటాక జవాబిచ్చినందుకు. ఈ హక్కు బలం ఎంతో, బలహీనత ఎంతో ఆ ఒక్క కేసులో కనిపిస్తుంది. గడువులోపు, కారణం చెప్పి, మర్యాదగా కాదంటే చాలావరకు కంపెనీదే పైచేయి.

మరి అంత మాత్రానికి హక్కెందుకు అనొచ్చు. ఆ సంగతికి వస్తాను. ముందు మన దగ్గర ఏముందో చూద్దాం.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు సెలవు 26 వారాలకు పెంచారు (ఇద్దరు పిల్లలు ఉన్నాక అయితే 12 వారాలే). సెలవు అయ్యాక, పని స్వభావం అనుమతిస్తే ఇంటి నుంచి చేయనివ్వొచ్చని కూడా చేర్చారు. ఎన్నాళ్లు, ఏ షరతుల మీద అన్నది ఇద్దరూ మాట్లాడుకోవాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇదే ఉంది. ఇక్కడ "ఇవ్వొచ్చు" అనే ఉంది, "ఇవ్వాలి" అని లేదు. 2022లో బెంగళూరులోని ఒక సెమీకండక్టర్ పరిశోధన కేంద్రం ఉద్యోగిని దీని మీదే కర్ణాటక హైకోర్టుకు వెళ్తే, ఆవిడ చేసే పరిశోధన ఇంటి నుంచి చేసే రకం కాదని కోర్టు తేల్చింది. పైగా ఈ నిబంధన తల్లికే. తండ్రికి, అంటే మీకు, అందులో ఏమీ లేదు.

వికలాంగుల హక్కుల చట్టం, 2016లో తగిన సర్దుబాట్ల మాట ఉంది. కానీ ఉద్యోగాల్లో వాటిని కల్పించి తీరాలన్న సెక్షన్ 20 ప్రభుత్వ సంస్థలనే పేర్కొంటుంది. ప్రైవేటు కంపెనీలకు సమాన అవకాశాల విధానం ప్రకటించాలన్న బాధ్యత ఉంది. మీ కేసుకు అవసరం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

2022 జులైలో ఎస్ఈజెడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నిబంధనల్లో 43ఏ అని ఒకటి చేర్చారు. ఎస్ఈజెడ్‌లోని యూనిట్లు ఉద్యోగులను ఇంటి నుంచి పనిచేయించుకోవచ్చన్నది దాని సారం. దీన్ని చూపించి "మాకు వర్క్ ఫ్రమ్ హోమ్ హక్కు వచ్చింది" అని వాదించేవాళ్లు ఇప్పటికీ నాకు తగులుతుంటారు. అది కంపెనీకి ఇచ్చిన అనుమతి. మీకు ఇచ్చింది కాదు.

మిగిలిందంతా మీ అపాయింట్‌మెంట్ లెటరూ, కంపెనీ పాలసీనూ. లెటర్ తీసి చూడండి. పని స్థలం బెంగళూరు అనో, కంపెనీ చెప్పిన మరే చోటైనా అనో ఉంటుంది. పాలసీలో ఎక్కడో ఒక మూల "ఎప్పుడైనా మార్చే అధికారం సంస్థకు ఉంది" అని ఉంటుంది. ఐటీ కంపెనీలకు, ఉద్యోగ నిబంధనలు రాసి ఉంచాలనే పాత స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి కర్ణాటక ప్రభుత్వం ఏళ్ల తరబడి మినహాయింపు ఇస్తూ వచ్చింది, 2024లో మరో ఐదేళ్లు పొడిగించింది. ఆ మినహాయింపుకు పెట్టిన షరతుల్లో ఉద్యోగుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఒకటి. చాలామందికి తమ ఆఫీసులో అలాంటి కమిటీ ఉంటుందనే తెలియదు.

ఈ పరిస్థితిలో పాలసీ ఎప్పుడు ఎలా మారినా మనం చూస్తూ ఉండాల్సిందే. 2020లో అందరూ ఇళ్లకు వెళ్లారు. టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది, విప్రో అదే ఏడాది నవంబర్ నుంచి మూడు రోజులు తప్పనిసరి చేసింది. మధ్యలో ఊళ్లో ఇల్లు బాగుచేయించుకుని, పిల్లల్ని అక్కడి స్కూల్లో చేర్పించినవాళ్ల సంగతి ఎవరి పాలసీలోనూ లేదు.

ఇక లాభాలు. మొదటిది ఇందాక అన్న కాగితం సంగతి.

నేను చూసుకున్న ఒక పేరోల్ టీమ్‌లో ఇద్దరు ఒకే రకం సర్దుబాటు అడిగారు, సాయంత్రం త్వరగా వెళ్లిపోవాలని. ఒకరికి మేనేజర్ నోటిమాటగా సరే అన్నాడు. రెండో మనిషికి "చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" రెండు క్వార్టర్లు నడిచింది. కాదని చెప్పలేదు కాబట్టి ఆవిడ పైవాళ్లకు ఫిర్యాదు చేయడానికి లేదు, సరే అనలేదు కాబట్టి పిల్లాడి డే కేర్ మార్చుకోవడానికీ లేదు. చివరికి రాజీనామా పెట్టింది. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కారణం దగ్గర "మెరుగైన అవకాశం" అని టిక్ పెట్టి వెళ్లింది. మా రిపోర్టులో జీతం కోసం వెళ్లిపోయినవాళ్ల లెక్కలో పడింది. సరే అనిపించుకున్న మొదటి మనిషి గతి ఏమైందంటే, మేనేజర్ వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన "నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. నోటిమాట ఆ మేనేజర్‌తోపాటే పోయింది.

అందుకే కాదన్నా సరే, ఒక గడువులోపు, రాతపూర్వకంగా, కారణంతో కాదనమంటాను. కారణం రాయాల్సి వచ్చేసరికి మేనేజర్లు ఆలోచించడం మొదలుపెడతారు. "ఒకరికిస్తే అందరూ అడుగుతారు" అని నోటితో అనడం తేలిక. అదే మాట సంతకం పెట్టి రాయడానికి చెయ్యి రాదు.

రెండోది మనుషులు నిలబడటం. దీని మీద మంచి పరిశోధన ఉంది. చైనా ట్రావెల్ కంపెనీ ట్రిప్.కామ్‌లో 1,612 మంది మీద స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్లలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. పనితీరులో, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఎక్కువ లాభపడింది ఆడవాళ్లు, మేనేజర్లు కానివాళ్లు, ఆఫీసుకు దూరంగా ఉండేవాళ్లు. బెంగళూరులో ఈ మూడో రకానికి కొదవ లేదు. హోస్కోటె నుంచి బయల్దేరి టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఒకసారి, మారతహళ్లి దగ్గర ఒకసారి ఆగి ఆగి బెల్లందూరు చేరేసరికి మనిషిలో సగం ఓపిక అక్కడే అయిపోతుంది, ఇది మీకు చెప్పక్కర్లేదు. అందరూ మంగళ, బుధ, గురువారాలే ఆఫీసుకు ఎంచుకోవడం వల్ల ఆ రోజుల్లో రింగ్ రోడ్డు ఇంకా ఘోరం.

మూడో లాభం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సౌకర్యం తల్లులకే ఇస్తే అది తల్లులకే ఎదురు తిరుగుతుంది. మన ప్రసూతి సెలవు 26 వారాల జీతం మొత్తం, ఈఎస్ఐ పరిధిలో లేనివాళ్లకు, యజమానే భరించాలి. దాని పర్యవసానం ఇంటర్వ్యూ గదుల్లో చూస్తూనే ఉన్నాం. "ఈ మధ్యే పెళ్లయిందట, ఆలోచించండి" అని ప్యానెల్‌లో ఒకరు నవ్వుతూ అంటారు. హెచ్ఆర్ వాళ్లం ఖండిస్తాం, కానీ ఆ మాట పని చేసే చోట చేస్తూనే ఉంటుంది. తండ్రులు, అమ్మానాన్నల్ని చూసుకునే కొడుకులు, సాయంత్రం కాలేజీలో చదువుకునేవాళ్లు, అందరూ అడగొచ్చు అంటే ఆ ముద్ర ఒక్క ఆడవాళ్ల మీదే పడదు. అందుకే మీలాంటి మగవాళ్లు అడగడం మంచిదని నేనంటాను.

నష్టాల్లో మొదటిది జూనియర్లది. ఇక్కడ మన పక్క ఊరి ప్రయోగమే ఉంది. చెన్నైలో డేటా ఎంట్రీ ఉద్యోగాలకు కొత్తగా తీసుకున్నవాళ్లను డేవిడ్ ఆట్కిన్, ఆంటోనెట్ షోర్, సుమిత్ షిండే అనే పరిశోధకులు లాటరీ పద్ధతిలో కొందరిని ఆఫీసుకు, కొందరిని ఇంటికి కేటాయించారు. ఇంటి నుంచి చేసినవాళ్ల ఉత్పాదకత 18 శాతం తక్కువ వచ్చింది. ఆ తేడాలో ఎక్కువ భాగం మొదటి రోజు నుంచే ఉంది, మిగతాది ఆఫీసులో ఉన్నవాళ్లు త్వరగా నేర్చుకోవడం వల్ల వచ్చింది. ఇంకో విచిత్రం, ఇల్లే కావాలని కోరుకున్నవాళ్లకే ఇంట్లో పనితీరు ఎక్కువ పడిపోయింది. వాళ్లు బద్ధకస్తులని ఎవరూ అనుకోవద్దు. ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్లే ఇల్లు కోరుకుంటారు, ఆ బాధ్యతలే పనికి అడ్డం పడతాయి. రెండు గదుల ఇంట్లో ఒకవైపు కుక్కర్ విజిల్, ఒకవైపు టీవీ, మధ్యలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నవాళ్లకు ఇది అర్థమవుతుంది.

ట్రిప్.కామ్‌కూ దీనికీ వైరుధ్యం ఏమీ లేదు. అక్కడ పని తెలిసిన ఉద్యోగులు, వారానికి రెండే రోజులు. ఇక్కడ కొత్తవాళ్లు, పూర్తిగా ఇంటి నుంచే. కాబట్టి "వర్క్ ఫ్రమ్ హోమ్ మంచిదా, చెడ్డదా" అని గుండుగుత్తగా అడిగితే జవాబు ఉండదు. ఎవరికి, ఏ పనికి, ఎన్ని రోజులు అని అడగాలి.

నా దగ్గరి ఉదాహరణ ఒకటి. కర్నూలు నుంచి వచ్చిన ఒక ఫ్రెషర్‌ను ఒక సపోర్ట్ టీమ్‌లో వేశాం. ఆ టీమ్‌లో సీనియర్లందరూ ఇంటి నుంచే. అతను ఆఫీసుకు వచ్చి ఒక్కడే కూర్చునేవాడు. ఏదైనా ఎర్రర్ వస్తే చాట్‌లో "హాయ్ అన్నా, ఫ్రీనా?" అని పెట్టి జవాబు కోసం ఎదురుచూసేవాడు. సీనియర్ కాల్‌లో ఉండేవాడు. గంట తర్వాత "చెప్పు" అని వచ్చేది. ఇతను స్క్రీన్‌షాట్ పంపేవాడు. మళ్లీ ఇంకో కాల్. పక్క సీట్లో ఉంటే తొంగి చూసి "సర్వర్ పేరు తప్పు కొట్టావ్" అని అరనిమిషంలో తేలిపోయే పనికి మధ్యాహ్నం అయిపోయేది. అందులో సీనియర్ల తప్పు వెతకడానికేం లేదు, ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ఆర్నెల్లయ్యాక రేటింగ్ మాత్రం ఆ కుర్రాడికే తగ్గింది. సీనియర్లకు సౌకర్యం ఇచ్చేటప్పుడు "వారంలో ఫలానా రోజు జూనియర్ల కోసం ఆఫీసులో ఉంటాను" అన్న షరతు ఉండాలని నేను పట్టుబట్టడం అప్పటి నుంచే.

రెండో నష్టం అప్రైజల్ గదిలో జరుగుతుంది. రేటింగులు సర్దే మీటింగులో పది మంది మేనేజర్లు కూర్చుంటారు. పేరు రాగానే ముఖం గుర్తొచ్చినవాళ్ల గురించి నాలుగు మాటలు వస్తాయి. గుర్తురానివాళ్ల గురించి "ఓకే, మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్" అని ముందుకు వెళ్లిపోతారు. బ్లూమ్ బృందమే అంతకుముందు ఇదే చైనా కంపెనీ కాల్ సెంటర్‌లో చేసిన ప్రయోగం 2015లో అచ్చయింది. తొమ్మిది నెలలు వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. కానీ అదే స్థాయి పనితీరుకు దక్కాల్సిన ప్రమోషన్లు తగ్గాయి. ప్రయోగం అయ్యాక వాళ్లలో సగం మంది ఆఫీసుకే తిరిగొచ్చేశారు, ఇంట్లో ఒంటరితనం పడలేక. రెండు రోజులైతే ఈ ప్రమాదం తక్కువని తర్వాతి ప్రయోగం చెబుతోంది. మీరు అడుగుతున్నదీ రెండు రోజులే కాబట్టి మరీ టెన్షన్ పడక్కర్లేదు, కానీ గుర్తుంచుకోండి.

మూడోది, మీరు వెళ్లిపోయాక మిగిలిన పని ఎవరు చేస్తారన్నది. నాలుగున్నరకు మీరు లేచేసరికి అమెరికా క్లయింట్ ఇంకా నిద్ర కూడా లేవడు. సాయంత్రం వచ్చే డిఫెక్ట్ కాల్ (సాఫ్ట్‌వేర్ లోపాల మీద వచ్చే కాల్) ఎవరో ఒకరు ఎత్తాలి. చాలా టీముల్లో ఆ "ఎవరో ఒకరు" పెళ్లికాని కుర్రాడో, పీజీలో ఉండే అమ్మాయో అవుతారు. "నీకేముంది, ఖాళీయేగా" అంటారు. ఆ అమ్మాయికి కూడా మడివాళలో శుక్రవారం రాత్రి నెల్లూరు బస్సు ఉంటుంది. చట్టం అడిగినవాడి హక్కు రాస్తుంది, కవర్ చేసేవాళ్ల గురించి రాయదు. ఇక రిసెప్షన్, ల్యాబ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లకు ఇంటి నుంచి పని అన్న ప్రశ్నే రాదు. వాళ్లకు పనికొచ్చే సౌలభ్యం షిఫ్ట్ మార్చుకోవడమూ, రోస్టర్ రెండు వారాల ముందు తెలియడమూ. మనం ఫ్లెక్సిబుల్ అనగానే లాప్‌టాప్ ఒక్కటే ఊహించుకుంటాం కాబట్టి వీళ్ల అవసరం చర్చలోకే రాదు.

నాలుగోది చిన్నగా చెప్పేస్తాను. వేళలు సాగితే రెండు వైపులా సాగుతాయి. ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టే సౌకర్యం తీసుకున్నవాడికి రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ రావడం ఆగదు. ఆస్ట్రేలియా 2024 ఆగస్టు 26 నుంచి పని వేళలు దాటాక వచ్చే ఫోన్లకు, మెసేజ్‌లకు, సమంజసమైన పరిస్థితుల్లో, జవాబివ్వకుండా ఉండే హక్కు ఇచ్చింది. మన లోక్‌సభలో సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

ఇప్పుడు మీరేం చేయాలి? హక్కు లేదని ఊరుకోవద్దు. బ్రిటన్ ఉద్యోగి చట్టం ప్రకారం రాసే అర్జీనే మీరు చట్టం లేకుండా రాయండి. ముందు మేనేజర్‌తో ఎదురుగా మాట్లాడండి, హఠాత్తుగా హెచ్ఆర్‌ను కాపీలో పెట్టి మెయిల్ కొట్టొద్దు. చెడ్డపేరు వచ్చేది అక్కడే. మాట్లాడిన రోజే మెయిల్ పంపండి. ఇలా ఉంటే చాలు (బిల్డ్ అంటే పరీక్షకు సిద్ధమైన సాఫ్ట్‌వేర్ కొత్త రూపం, స్మోక్ టెస్ట్ అంటే దాని మీద చేసే తొలి పరీక్ష, స్టాండప్ అంటే రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్):

"మనం ఈరోజు మాట్లాడుకున్నట్టు, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మూడు నెలలు ట్రయల్‌గా నా వేళలు 7:30 నుంచి 4:30 వరకు, సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి. సాయంత్రం డిఫెక్ట్ కాల్ ఇప్పటిలాగే టీమ్ వంతులవారీగా, నా వంతు రోజున నేను ఉంటాను. బిల్డ్ పొద్దున్నే వస్తుంది కాబట్టి స్మోక్ టెస్ట్ ఫలితం పదింటి స్టాండప్‌కు ముందే ఇవ్వగలను. రిలీజ్ వారంలో ఈ ఏర్పాటు వర్తించదు. నెలాఖరున ఒకసారి చూసుకుందాం."

ఇందులో పిల్లల ప్రస్తావన లేదని గమనించారా? మేనేజర్‌కు నోటితో చెప్పండి, ఆయనా తండ్రే అయి ఉండొచ్చు. మెయిల్‌లో మాత్రం పని ఎలా జరుగుతుందో రాయండి. మీ బాధ చదివి జాలిపడే మేనేజర్ కూడా పైవాళ్లకు దాన్ని ఫార్వర్డ్ చేయలేడు. పని ఏర్పాటు అయితే చేయగలడు. ఏడున్నరకు వస్తే టీమ్‌కు కలిగే లాభం ఒకటైనా ఉండేలా చూసుకోండి. టెస్టింగ్‌లో రాత్రి బిల్డ్ ఉంటే అది మీ చేతిలో ఉన్న మంచి ముక్క.

"ట్రయల్" అన్నది చాలా ముఖ్యం. శాశ్వతంగా ఇవ్వమంటే భయపడే మేనేజర్ మూడు నెలలకు ఒప్పుకుంటాడు. గొడవ లేకుండా గడిచిపోయిన ట్రయల్‌ను ఆపడానికి ఎవరికీ మనసొప్పదు.

క్యాబ్ సంగతి ముందే కనుక్కోండి. దీని దగ్గరే చాలా ఏర్పాట్లు బోల్తా పడతాయి. ట్రాన్స్‌పోర్ట్ టీమ్ లాగిన్ స్లాట్లను బట్టి రూట్లు వేస్తుంది. మీ కంపెనీలో ఎనిమిదిన్నర, పది స్లాట్లే ఉంటే ఏడున్నరకు మీ ఒక్కరి కోసం హోస్కోటెకు బండి పంపరు. మేనేజర్ సరే అన్నాక ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ కాదంటే మీరు బైక్ మీద రావాల్సిందే. ఎనిమిదిన్నర, ఐదున్నర అయినా సరిపోతుందేమో ఇంట్లో మాట్లాడుకుని, రెండో ప్రత్యామ్నాయంగా దగ్గర పెట్టుకోండి. స్వైప్ (ఆఫీసు గేటు దగ్గర కార్డు గీకే) లెక్కలు కూడా చూసుకోండి. కొన్ని సిస్టమ్‌లు పదింటి నుంచి నాలుగింటి దాకా లోపలే ఉండాలని లెక్కేస్తాయి. మేనేజర్ ఒప్పుకున్నా సిస్టమ్‌లో మినహాయింపు ఎక్కించకపోతే నెలాఖరున లాస్ ఆఫ్ పే (జీతం కోత) మెయిల్ వస్తుంది. స్వైప్ చేసి, కాఫీ తాగి, వెళ్లిపోయే చిట్కాలు మీకు చాలామంది చెబుతారు. వినొద్దు, ఆ డేటా అంతా మా దగ్గర కనిపిస్తుంది.

కాదంటే కారణం మెయిల్‌లో అడగండి, వాదించకుండా. "ఏ ఇబ్బంది ఉందో తెలిస్తే దానికి తగ్గట్టు మార్చి మళ్లీ అడుగుతాను" అని రాయండి. రెండు వారాలు జవాబు లేకపోతే అప్పుడు హెచ్ఆర్‌ను కలపండి. ఆ తర్వాత కూడా తేలకపోతే ఇందాక చెప్పిన ఫిర్యాదుల కమిటీ ఉంది. కానీ కమిటీ దాకా వెళ్లేది టీమ్‌లో వేరొకరికి ఇచ్చి మీకు ఇవ్వనప్పుడే. ఎవరికీ ఇవ్వని చోట కమిటీ కూడా ఏమీ చేయలేదు.

ఒప్పుకున్నాక ఊరికి వెళ్లి అక్కడి నుంచి చేద్దామని మాత్రం అనుకోవద్దు. ఇంటి నుంచి పని అంటే కంపెనీ రికార్డులో ఉన్న ఇల్లు. వేరే రాష్ట్రం నుంచి లాగిన్ అయితే కొన్ని క్లయింట్ ఒప్పందాలకు అది ఉల్లంఘన అవుతుంది. అక్కడుంటూ ఇక్కడి ఇంటి అద్దె రసీదులు పెట్టి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చేస్తే అది ఇంకో తలనొప్పి. నిజంగా అద్దె కట్టి ఉంటున్న ఇంటికే ఆ మినహాయింపు.

చివరగా మీ ఆవిడ కంపెనీ సంగతి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే కేంద్రం) ఏర్పాటు ఉండాలని చట్టం చెబుతోంది, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావడానికి కూడా అనుమతి ఉంది. ఆఫీసులోనే ఉండక్కర్లేదు, చాలా కంపెనీలు దగ్గర్లోని డే కేర్‌తో ఒప్పందం పెట్టుకుంటాయి. సెలవు తర్వాత ఇంటి నుంచి పని అడిగే వీలు కూడా మీకన్నా ఆవిడకే చట్టంలో ఉంది. సెలవు అయ్యాక కాకుండా ఇప్పుడే, చేరడానికి ముందే, ఆవిడను తన హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పంపమనండి. అక్కడ ఏమన్నారో తెలిశాక మీకు నిజంగా ఎన్ని రోజులు కావాలో లెక్క తేలుతుంది. బహుశా ఒక రోజుతోనే సరిపోవచ్చు.